చేరే ముందు ఒక క్లాసు మొత్తం కూర్చుని చూడండి

మా పిన్ని కూతురు భీమవరంలో ఉంటుంది. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ సెక్షన్‌లో ఉద్యోగం. పోయిన నెల ఒక రాత్రి ఫోన్ చేసి, "అక్కా, మా వీధి చివర మేడ మీద కిక్‌బాక్సింగ్ క్లాసు పెట్టారు. నువ్వు ఎప్పట్నుంచో జూడోకి వెళ్తున్నావు కదా, చెప్పు. చేరనా, వద్దా?" అంది. చేరమని నోటిదాకా వచ్చింది కానీ అనలేకపోయాను. మొదటిసారి నేను చేరిన చోట ఆరో రోజుకే పక్కటెముకల మీద తన్ను తగిలి, మూడు వారాలు ఒత్తిగిలి పడుకోలేకపోయాను. రెండోసారి చేరిన చోటికి నాలుగేళ్ళుగా వారానికి మూడు సాయంత్రాలు వెళ్తున్నాను. అప్పుడూ ఇప్పుడూ మనిషిని నేనే. మొదటిసారి ఏమీ చూడకుండా, ఏమీ అడక్కుండా చేరాను. రెండోసారి చూసి, అడిగి చేరాను. దానికి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

నేను పాలకొల్లులో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ముప్పై ఏడేళ్ళు, ఇద్దరు పిల్లలు. పోటీలకి ఎప్పుడూ వెళ్ళలేదు. ముప్పై దాటాక మొదటిసారి మ్యాట్ మీద కాలు పెట్టబోయే మనిషికి ఏం తెలియాలో అంతవరకే చెప్పగలను.

ఎందుకు చేరుతున్నారో రాసుకోండి

ఒక కాగితం తీసుకుని ఎందుకు చేరాలనుకుంటున్నారో ఒక్క వాక్యం రాయండి. మనసులో అనుకుంటే సరిపోదు, రాయాలి. మా చెల్లి రాసి పంపింది: "రాత్రి షిఫ్టు దిగాక మెయిన్ రోడ్డు నుంచి ఇంటికి నడిచే పది నిమిషాలూ గుండె దడ."

అది చదివాక నేను చెప్పాలనుకున్నది మారిపోయింది. మూడు నెలలు కిక్‌బాక్సింగ్ నేర్చుకుంటే ఆ రోడ్డు మీద ఎవడొచ్చినా కొట్టి పడేయగలవని దానికి అబద్ధం చెప్పలేను. ఏ మాస్టర్ అయినా అలా చెప్తే నమ్మొద్దన్నాను. మనిషి మీదికి వస్తుంటే కాళ్ళు బిగుసుకుపోకుండా ఉండటం, గొంతెత్తి అరవడం, చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని పరుగెత్తడం, ఇవి క్లాసులో అలవాటవుతాయి. అదీ నెలల తరబడి వెళ్తేనే. ఈలోపు ఆ పది నిమిషాల సంగతి చూసుకోవాలి కదా. ప్లాంటు బస్సు మన మలుపు దాకా వచ్చేలా అడగడం, అదే షిఫ్టు అమ్మాయి ఎవరితోనైనా కలిసి నడవడం, ఆపదొస్తే 112కి ఫోన్ ఎలా చేయాలో చీకట్లో కూడా చేతికి తెలిసేలా చూసుకోవడం. ఇవన్నీ ఈ వారమే చెయ్యి, క్లాసు సంగతి ఆ తర్వాత చూద్దాం అన్నాను.

బరువు తగ్గడం ఒక్కటే కావాలంటే కాలువ గట్టు మీద నడకకి ఎవరికీ ఫీజు కట్టక్కర్లేదు. కానీ ఒంటరిగా అయితే రెండు వారాలకే మానేసి, నలుగురితో కలిస్తే మానకుండా కొనసాగించే మనుషులుంటారు. వాళ్ళకి క్లాసు బాగా పనికొస్తుంది. ఎవరి మీదో కసి తీర్చుకోవడానికి మాత్రం చేరకండి. కోపంతో వచ్చినవాళ్ళ చేతిలో ముందు దెబ్బ తినేది ఏ పాపం తెలియని పార్టనరే.

ఏ విద్య మంచిదన్నదాని మీద గంటల తరబడి వాదించుకునేవాళ్ళున్నారు. మన ఊళ్ళలో దగ్గర్లో దొరికేవే రెండో మూడో కాబట్టి ఆ వాదన అంతగా అక్కర్లేదు. బాక్సింగ్ అంటే పిడికిళ్ళే, తలకి దెబ్బలు తగులుతాయి. కిక్‌బాక్సింగ్‌లో కాళ్ళు కూడా వాడతారు, ముయే థాయ్‌లో మోచేతులు, మోకాళ్ళు కూడా. టైక్వాండో ఎక్కువగా కాళ్ళ ఆట. పోటీల్లో ఛాతీకి, తలకి రక్షణ తొడుగులుంటాయి, ముఖం మీద గుద్దకూడదు. కరాటేలో శాఖని బట్టి తేడా. కొన్ని చోట్ల తగిలీ తగలనట్టు ఆపుతారు, క్యోకుషిన్‌లో ఒంటి మీద నిజంగానే కొడతారు. జూడోలో గుద్దడం, తన్నడం లేవు. పట్టుకోవడం, పడేయడం, నేల మీద అదిమి పెట్టడం, మోచేతిని మెలిపెట్టడం, మెడ బిగించడం ఉంటాయి. జిగోరో కానో 1882లో జపాన్‌లో దీన్ని మొదలుపెట్టారు, 1964 టోక్యో ఒలింపిక్స్‌లో చేరింది. బ్రెజిలియన్ జిజుత్సు ఆ జూడోలోంచే పుట్టి నేల మీది పట్ల వైపు పెరిగింది.

మన కర్రసాము కూడా ఉంది. చిన్నప్పుడు దసరాకి అమ్మమ్మగారి ఊరు అమలాపురం వెళ్తే, ఊరేగింపులో కర్రలు, కత్తులు తిప్పే కొంకాపల్లి చెడీ తాలింఖానా చూపించడానికి తాతయ్య నన్ను భుజాల మీద ఎక్కించుకునేవారు. కర్ర తిరుగుతుంటే గాలిలో వచ్చే ఆ రొద ఇప్పటికీ చెవుల్లో ఉంది. మీ ఊళ్ళో నేర్పే గురువుంటే అదీ విద్యే, తక్కువగా చూడకండి.

డబ్బు కట్టకుండా రెండు వారాలు

క్లాసు ఏ రోజుల్లో, ఎన్నింటికో కనుక్కోండి. సరిగ్గా ఆ రోజుల్లో, ఆ టైముకి ఇంట్లోంచి బయల్దేరి ఆ చోటి దాకా వెళ్ళి, ఆ చుట్టుపక్కలే గంటసేపు నడిచి ఇంటికి రండి. రెండు వారాలు ఇలా చేయండి.

రెండోసారి చేరేముందు నేను ఇదే చేశాను. క్లాసు సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం ఆరింటికి. పరగడుపు శాంపిల్స్ కోసం నేను పొద్దున ఆరున్నరకే డ్యూటీలో ఉంటాను, మూడింటికి దిగిపోతాను. ఇంక ఆరింటికి వెళ్ళడానికి అడ్డేముంది అనుకున్నాను. తీరా చూస్తే రెండు బుధవారాలూ కుదర్లేదు. ఆ రోజు పాపని ట్యూషన్ నుంచి ఆరుంబావుకి తీసుకురావాలి. ముందే తెలిసింది కాబట్టి బుధవారం ఆయన తీసుకొచ్చేలా మాట్లాడుకున్నాం. డబ్బు కట్టేశాక తెలిసుంటే వారం వారం ఇంట్లో మాటా మాటా పెరిగేది. ఆ టైముకి నేను ఇంట్లో ఉండనన్న సంగతి మా అత్తయ్యకి కూడా ఆ రెండు వారాల్లోనే అలవాటైంది. మూడో వారం నుంచి ఆవిడే కుక్కర్ పెట్టేస్తున్నారు.

ఊరు దాటి వెళ్ళేవాళ్ళు బస్సు కోసం నిలబడే టైము కూడా లెక్కేసుకోండి. రానూపోనూ పట్టే సమయం క్లాసుని మించిపోతే వానలు మొదలయ్యేసరికి ఆగిపోతుంది. నాతోపాటు చేరిన ముగ్గురికి అలాగే జరిగింది. లంకల్లో ఉండేవాళ్ళు ఆఖరి పంటు టైము చూసుకోవాలి. సాయంత్రం క్లాసు ఏడున్నర దాకా సాగితే రేవు దగ్గర ఇరుక్కుపోతారు.

గోడ పక్కన కూర్చుని

మొదటిసారి నేను చూసింది ఫ్లెక్సీ ఒక్కటే. పక్క ఊళ్ళో సంగతి. మాస్టర్ గాల్లోకి ఎగిరి తంతున్న ఫొటో, దాని కింద కప్పుల వరుస. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, నెలనెలా అయితే 1,000, ఏడాదికి ఒకేసారి కడితే 9,000 అన్నారు. ఆ రోజు క్లాసు లేదు. చూడకుండానే ఏడాదికి కట్టేశాను. ఆరో రోజు నన్నూ, ఇంటర్ చదివే ఒక పొడుగాటి అబ్బాయినీ ఎదురెదురుగా నిలబెట్టి "మొదలెట్టండి" అన్నారు. ఆ అబ్బాయి తప్పేం లేదు. ఎంత బలం వాడాలో వాడికీ ఎవరూ చెప్పలేదు. తన్ను తగలగానే ఊపిరి అందక కూలబడ్డాను. "మొదట్లో అందరికీ తగులుతుందమ్మా, లే" అన్నారు మాస్టర్. ఎక్స్‌రే తీస్తే ఎముక విరగలేదని తెలిసింది. ఫీజు తిరిగి ఇవ్వలేదు. ఆ 9,000 నేను పాప స్కూలు ఫీజు కోసం దాచిన దాంట్లోంచి తీసినవి, అది ఇప్పటికీ బాధే.

అందుకే, మీరు ట్రయల్ క్లాసు చేయడానికి కూడా ముందు, ఒక క్లాసు మొదటి నుంచి చివరి దాకా గోడ పక్కన కూర్చుని చూడండి. చూడనివ్వం అన్నారా, వెనక్కి వచ్చేయండి. అక్కడ ఇంక అడగాల్సిందేమీ లేదు.

కూర్చున్నాక కళ్ళు ఎలాగూ బాగా ఆడేవాళ్ళ మీదికే పోతాయి. వాళ్ళని వదిలేసి, ఆ గదిలో అందరికంటే కొత్తవాళ్ళెవరో వెతకండి. లావుగా ఉండి ఆయాసపడే అబ్బాయో, బెల్టు ముడి వేసుకోవడం ఇంకా రాని నడివయసు మనిషో ఒకరు ఉంటారు. ఆ గంటంతా ఆ ఒక్కరినే చూడండి. వచ్చే వారం ఆ చోట ఉండేది మీరే. వాళ్ళకి జతగా ఎవరినిచ్చారు? పేరు పెట్టి పిలుస్తున్నారా, ఒంటి తీరుని బట్టి ఏదో ఒక పేరు తగిలించారా? తప్పు చేసినప్పుడు ఆపి మళ్ళీ చూపిస్తున్నారా, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతున్నారా? అలిసిపోయి పక్కకి వెళ్ళి కూర్చుంటే ఎవరైనా వెళ్ళి పలకరించారా? నేను ఆ మొదటి చోట ఒక్కరోజు ముందు కూర్చుని చూసినా తెలిసేది. అక్కడ మణికట్టు పట్టుకుని గోడకి ఆనుకుని కూర్చున్న పిల్లాడు రెండో రోజూ కనిపించాడు, మూడో రోజూ కనిపించాడు. ఏమైందిరా అని ఒక్కరూ అడగలేదు.

ఇంకొకటి చూడాలి. ఆపమంటే ఎంత త్వరగా ఆపుతున్నారు? జూడోలో, జిజుత్సులో నొప్పి రాగానే ఎదుటివాళ్ళ ఒంటి మీద గానీ మ్యాట్ మీద గానీ అరచేత్తో రెండుసార్లు తడతాం. తట్టగానే పట్టు వదిలేయాలి. నేను చూడటానికి వెళ్ళిన రోజు ఒక పదేళ్ళ పిల్ల తనకంటే పెద్దమ్మాయిని కింద అదిమి పట్టి, చెయ్యి మెలిపెట్టింది. కిందున్న అమ్మాయి తట్టింది. పై పిల్ల గెలిచిన సంబరంలో వదలడం ఒక్క క్షణం ఆలస్యం చేసింది. మాస్టర్ గారు క్లాసంతా ఆపేశారు. కేకలెయ్యలేదు. ఇద్దర్నీ లేపి, ఒకరికొకరు వంగి నమస్కారం పెట్టుకోమన్నారు. ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "అక్క తన చెయ్యి నీకు అప్పిచ్చిందమ్మా. అడగ్గానే తిరిగిచ్చేయాలి. ఒకటి లెక్కపెట్టేంత సేపు కూడా ఉంచుకోకూడదు" అన్నారు. పిల్ల తలూపింది. క్లాసు మళ్ళీ మొదలైంది. నేను చేరదామని నిశ్చయించుకున్నది అప్పుడే. ఆయన ఎన్ని మెడల్స్ గెలిచారో నాకు తెలిసింది ఏడాది తర్వాత.

గుద్దే విద్యల్లో తట్టడం ఉండదు. అక్కడ చెయ్యెత్తినా, "చాలు" అన్నా ఆగుతున్నారో లేదో చూడండి.

క్లాసయ్యాక బయట చెప్పులు వేసుకునే చోట నలుగురితో మాట్లాడండి. ఎన్నాళ్ళ నుంచి వస్తున్నారు, ఎప్పుడైనా గట్టిగా దెబ్బ తగిలిందా, అప్పుడేం చేశారు? లోపల చెప్పనివి అక్కడ చెప్తారు. ముప్పై దాటినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా, ఏడాది దాటినవాళ్ళు ఎంతమందో చూసుకోండి. అందరూ రెండు నెలల వాళ్ళే అయితే, పాతవాళ్ళు ఎందుకు మానేశారో ఆలోచించాలి.

ఆ తర్వాత మాస్టర్ గారిని అడగండి. మొదటి నెల ఏం నేర్పుతారు? కొత్తవాళ్ళని స్పారింగ్‌లో, అంటే ఎదురెదురుగా నిలబడి ఆడే సాధనలో, ఎప్పుడు దింపుతారు, ఎవరితో? తలకి దెబ్బ తగిలితే ఏం చేస్తారు? మీరు ఎక్కడ, ఎవరి దగ్గర నేర్చుకున్నారు? మంచి మాస్టర్‌కి ఈ ప్రశ్నలకి కోపం రాదు, సంతోషిస్తారు. పాటియాలా నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థలో, అదే అందరూ ఎన్ఐఎస్ అంటారు, కోచింగ్ డిప్లొమా గానీ ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు గానీ చేసి ఉంటే మంచి గుర్తే. అది లేకుండా గొప్పగా నేర్పేవాళ్ళూ ఉన్నారు. బాగా ఆడటం వేరు, నేర్పడం వేరు కాబట్టి గోడ మీది మెడల్స్‌ని చూసి తేల్చుకోకండి.

తల సంగతి గట్టిగా పట్టుకోండి. కొత్తవాళ్ళని మొదటి నెలల్లోనే తల మీద కొట్టుకునే స్పారింగ్‌లో దింపే చోట చేరొద్దు. హెడ్‌గార్డ్ ఉందిగా అంటారు. అది చర్మం చిట్లకుండా కాపాడుతుంది, లోపల మెదడు కదలడాన్ని ఆపలేదు. 2016 రియో ఒలింపిక్స్‌లో మగవాళ్ళ బాక్సింగ్‌లో హెడ్‌గార్డే తీసేశారు. తలకి దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి, కళ్ళు మసకబారడం, మాట తడబడటం, అయోమయం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజుకి ఆట ముగిసినట్టే. డాక్టర్‌కి చూపించి, ఆయన సరేనన్నాకే మళ్ళీ మ్యాట్ ఎక్కాలి. "ఏం కాదులే, నీళ్ళు తాగి రా" అనే చోట మీ పిల్లల్ని ఉంచకండి.

ముందు పడటం నేర్పుతారా?

జూడో, జిజుత్సు లాంటివైతే ఈ ఒక్క ప్రశ్నతో చాలా తెలిసిపోతుంది. మా మాస్టర్ గారు మొదటి మూడు వారాలు నాకు పడటం తప్ప ఇంకేమీ నేర్పలేదు. గొంతుక్కూర్చుంటాం. రెండు చేతులూ ముందుకి చాపి, గడ్డం ఛాతీకి ఆనించి, చూపు బెల్టు ముడి మీద పెడతాం. అలాగే వీపు గుండ్రంగా చేసి వెనక్కి దొర్లుతాం. భుజాలు నేలకి తగిలే క్షణంలో రెండు చేతులూ ఒంటికి కొంచెం ఎడంగా, అరచేతులు కిందికి పెట్టి మ్యాట్ మీద చరుస్తాం. చప్పుడు గదంతా వినపడాలి. పడే జోరులో కొంత చేతుల మీదుగా నేలలోకి పోతుంది. తల నేలని తాకదు.

అన్నిటికంటే కష్టం, చెయ్యి వెనక్కి పెట్టకుండా ఉండటం. పడబోతున్నప్పుడు ఎవరైనా చెయ్యి ఆనించుకోబోతారు. మణికట్టు విరిగేది అక్కడే. వానాకాలం ల్యాబ్‌లో నేను చూసే పేషెంట్లలో, కట్టు కట్టిన చేత్తో రక్తం ఇవ్వడానికి వచ్చే పెద్దవాళ్ళు ఎందరో. అందరిదీ ఒకటే మాట: "జారి చెయ్యి ఆనించానమ్మా." ఆ అలవాటు పోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. మూడో వారం నుంచి మోకాళ్ళ మీద నుంచి పడటం, ఆ తర్వాత నిలబడి పడటం. పోయిన శ్రావణంలో పెరట్లో నాచు పట్టిన నూతి గట్టు మీద కాలు జారింది. ఏం జరుగుతోందో తెలిసేలోపే గడ్డం లోపలికి వెళ్ళిపోయింది, చేతులు గచ్చుని చరిచాయి. అరచేతులు మండాయి, మోచెయ్యి దోక్కుపోయింది. తల పైకే ఉంది. మా అత్తయ్య పరుగెత్తుకొచ్చి నా తల తడిమి చూశారు. ఆ నెల నుంచి పాపని కూడా పంపమన్నది ఆవిడే.

కాబట్టి మొదటి వారంలోనే కొత్తవాళ్ళని ఎత్తి పడేస్తుంటే అక్కడ చేరకండి. మ్యాట్లు కూడా తొక్కి చూడండి. పడే ఆటలకి కనీసం 40 మిల్లీమీటర్ల మందం ఉండాలి. మడమతో గట్టిగా నొక్కితే కింది గచ్చు తెలియకూడదు. ముక్కకీ ముక్కకీ మధ్య సందుంటే కాలి వేళ్ళు ఇరుక్కుంటాయి.

ఫీజు కాగితం

నెల ఫీజు ఒక్కటే అడిగితే లాభం లేదు. డ్రెస్సు, బెల్టు టెస్టు, సర్టిఫికెట్, పోటీ ఎంట్రీ, ఇలా ఏడాది మొత్తం మీద ఏమేం కట్టాలో కాగితం మీద రాసిమ్మనండి. నాకు ఇప్పుడు నెలకి 800, డ్రెస్సు 1,400 అయింది. బెల్టు టెస్టు డబ్బు ఏడాదికోసారి. మొదట్లో ఎవరు ఎంత తగ్గిస్తామన్నా ఒక్క నెలకే కట్టండి. గ్లోవ్స్, మోకాలి కింద కాలి ముందు వైపు తొడిగే షిన్‌గార్డ్‌లు రెండో నెల దాకా కొనకండి. అప్పటిదాకా అక్కడివి వాడుకోవచ్చు, పళ్ళ గార్డు ఒక్కటి మాత్రం సొంతది ఉండాలి. బాక్సింగ్, కిక్‌బాక్సింగ్ అయితే చేతికి చుట్టే గుడ్డ పట్టీలు కూడా మీవే ఉండాలి.

ఏడాదిలో బ్లాక్ బెల్టు ఇప్పిస్తామంటే అది అమ్మకం. జూడో, కరాటేలలో ఏళ్ళు పడుతుంది. బ్రెజిలియన్ జిజుత్సులో పదేళ్ళ వరకూ పట్టడం మామూలే.

చెమట, ఎండ, తామర

బీపీ, షుగర్, మోకాళ్ళు, నడుము, హెర్నియా, పాత ఆపరేషన్, ఏదున్నా ముందు డాక్టర్‌ని అడగండి. ఇన్సులిన్ గానీ షుగర్ తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్ళకి క్లాసు మధ్యలో షుగర్ పడిపోవచ్చు. వాళ్ళు ఆ సంగతి మాస్టర్‌కి చెప్పి, జేబులో గ్లూకోజ్ పెట్టుకోవాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, గర్భిణులు ఈ ఆటలకి దూరంగా ఉండాలి. నేను ల్యాబ్‌లో ఉండి చెప్తున్నాను, ముప్పై అయిదు దాటినవాళ్ళు ఒకసారి షుగర్, బీపీ చూపించుకున్నాకే మొదలుపెట్టండి. తమకి షుగర్ ఉందని తెలియకుండానే తిరిగేవాళ్ళని నేను రోజూ చూస్తాను.

రోహిణి కార్తెలో మన దగ్గర గాలి ఆడదు, చెమట ఆరదు. రేకుల షెడ్డులో క్లాసైతే మధ్యాహ్నం వేడంతా సాయంత్రం దాకా లోపలే ఉంటుంది. వీలైతే కార్తీకం తర్వాత చేరండి. వేసవిలోనే చేరితే మధ్యమధ్యలో నీళ్ళు తాగనిచ్చే చోటే చేరండి. నీళ్ళడిగితే "మనసు గట్టి చేసుకో" అనేవాళ్ళ దగ్గర వద్దు. ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ చాలు. బాగా నీరసపడితే ఓఆర్ఎస్, లీటరు ప్యాకెట్ లీటరు నీళ్ళలోనే కలపండి. ఎవరైనా ఎండదెబ్బకి అయోమయంగా మాట్లాడినా, పడిపోయినా నీడలోకి తెచ్చి ఒళ్ళు తడిపి, గాలి తగిలేలా చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

తామర గురించి ఎవరూ ముందు చెప్పరు. ఒళ్ళూ ఒళ్ళూ రాసుకునే ఆటల్లో, మన డెల్టా తేమలో అది త్వరగా అంటుకుంటుంది. మ్యాట్లు ఎప్పుడు తుడుస్తారు, దేనితో తుడుస్తారు అని అడగండి. ప్రతి క్లాసుకీ ముందో వెనకో సూక్ష్మక్రిముల్ని చంపే డిస్‌ఇన్ఫెక్టెంట్‌తో తుడవాలి. వట్టి కాళ్ళతో బాత్రూమ్‌కి వెళ్ళి అవే కాళ్ళతో మ్యాట్ ఎక్కుతుంటే ఆ ఒక్కటి చాలు, అక్కడ శుభ్రం ఎలా ఉంటుందో తెలియడానికి. మీ వంతుగా గోళ్ళు కత్తిరించుకోండి, ఇంటికెళ్ళగానే సబ్బుతో స్నానం చేయండి, డ్రెస్సు ప్రతిసారీ ఉతకండి. ఆషాఢం ముసురులో ఆ మందపాటి బట్ట రెండు రోజులకి కూడా ఆరదు, అందుకే అక్కడికి అలవాటు పడ్డాక రెండో జత కొనుక్కోవాలి. గుండ్రంగా, అంచు ఎర్రగా, దురదగా మచ్చ కనిపిస్తే క్లాసు ఆపి చర్మ డాక్టర్‌కి చూపించండి. మెడికల్ షాపులో స్టెరాయిడ్ కలిసిన క్రీము అడిగి రాసుకోకండి. రెండు రోజులు తగ్గినట్టే ఉండి, ఆ తర్వాత ఒళ్ళంతా పాకుతుంది. మా క్లాసులో ఒక కుర్రాడికి అలాగే ముదిరి మూడు నెలలు రాలేకపోయాడు.

ఆడవాళ్ళు, పిల్లలు

"ఆడపిల్లలకి ఈ కొట్లాటలేంటమ్మా" అని మొదట్లో మా అత్తయ్య కూడా అన్నారు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, మళ్ళీ 2023లో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయిందని చెప్తే కాసేపు ఊరుకున్నారు. కానీ ఆవిడ అసలు భయం వేరే: మగవాళ్ళు ఒంటి మీద చేతులేస్తారు కదా అని. ఆ భయం న్యాయమైనదే, దాన్ని తీసిపారేయకండి. క్లాసులో ఇంకో ఆడమనిషి ఉందా? భంగిమ సరిచేసేటప్పుడు మాస్టర్ "చెయ్యి పట్టుకోనా" అని అడిగి పట్టుకుంటారా? "ఇతనితో నేను చేయను" అంటే కారణం అడక్కుండా జత మారుస్తారా? మా దగ్గర మొదటి రోజే ఆ మూడో మాట ఆయనే చెప్పారు. నేను ఏడాది పాటు ఆడవాళ్ళతోనే చేశాను. ఇప్పుడు ఎవరితోనైనా చేస్తాను.

పిల్లల్ని చేర్చేటప్పుడు తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి కూర్చోవచ్చా అని అడగండి. తలుపులు తెరిచి ఉండాలి. విడిగా ఒక్కరికే కోచింగ్, రాత్రిళ్ళు పిల్లలకి నేరుగా మెసేజ్‌లు, "ఇంట్లో చెప్పొద్దు" అన్న మాట, వీటిలో ఒక్కటి కనిపించినా పిల్లని తీసుకొచ్చేయండి. పిల్లల మీద లైంగిక వేధింపులకి 2012 నుంచి పోక్సో చట్టం ఉంది. సాయానికి 1098కి ఫోన్ చేయొచ్చు.

ఇవన్నీ చూసి ఊళ్ళో ఉన్న ఒక్క చోటూ బాగోలేదని తేలితే? చేరకండి. ఉన్నది అదొక్కటే కదా అని సర్దుకుపోతే దెబ్బ తినేది మీ ఒళ్ళే. నేను మొదటి చోటు మానేశాక పదకొండు నెలలు ఎక్కడా చేరలేదు. కాలువ గట్టు మీద నడిచాను, ఇంట్లో గుంజీళ్ళు తీశాను. ఇప్పటి మాస్టర్ గారి క్లాసు ఆ తర్వాత మొదలైంది.

అన్నీ సరిపోయి చేరితే మొదటి నెల తీర్పులివ్వకండి. ఒళ్ళు నొప్పులు రెండు వారాలుంటాయి, కుడి ఎడమలు తడబడతాయి. నెలాఖరున కాగితం మీద రాసుకున్న ఆ వాక్యం మళ్ళీ చదవండి. క్లాసుకి బయల్దేరేటప్పుడు ఒంటికి బద్ధకంగా ఉంటే ఫరవాలేదు, అది అందరికీ ఉంటుంది. ఫలానా మనిషితో జత వేస్తారేమోనని కడుపులో టెన్షన్‌గా ఉంటే ఆ సంగతి మాస్టర్‌కి చెప్పండి. చెప్పాక కూడా మారకపోతే రెండో నెల కట్టొద్దు.

మా చెల్లి వీధి చివరి మేడ మీదికి వెళ్ళి గోడ పక్కన కూర్చుంది. ఒకమ్మాయి చెయ్యెత్తి చాలంటే "ఇంకొక్క రౌండ్" అన్నారట. మధ్యలోనే లేచి వచ్చేసింది. తర్వాత వారం ఇంకో చోట చూసింది, ఆ తర్వాత రెండు వారాలు అక్కడిదాకా నడిచింది. నిన్న రాత్రి మెసేజ్ పెట్టింది: "అక్కా, ఒక్క నెలకే కట్టాను. సోమవారం నుంచి క్లాసు. బస్సు మన మలుపులో ఆపుతామన్నారు. గోళ్ళు కత్తిరించుకున్నాను."